జోడు కుదిరిన కెమెరా

పల్నాటి యుద్ధమునకు బీజము పడినది పందెపు బరిలో. నాయకురాలు నాగమ్మ పుంజును బ్రహ్మనాయని పుంజును తలపడిన కోడిపోరులో ఓడిన పక్షమువారు రాజ్యము విడిచి వలసపోవలసి వచ్చెను. ఆ ఓటమియే కొన్నాళ్లకు కారెంపూడి కదనముగా పరిణమించెను. బాలచంద్రుని పౌరుషము మేల్కొనినది గూడ బొంగరముల ఆటలోనే యని కథ చెప్పును. పండ్రెండవ శతాబ్దినాటి ఆ కోడిపోరు న్యాయముగా జరిగినదా, అందు మోసమేమైన నున్నదా యను వాదము మాత్రము నేటికిని తీరలేదు. చూచినవారు చెప్పినది, విన్నవారు పాడినది తప్ప ఆ పందెమునకు మరియొక సాక్ష్యము లేదు.

ఆ కథయైనను మనకు దక్కినది వీరవిద్యావంతుల గొంతుకల చలువ. ఏటేట కార్తికమాసపు చివర కారెంపూడిలో జరుగు వీరారాధనోత్సవములలో రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను ఐదు దినముల వరుస నేటికిని నడచుచున్నది. అమెరికా పండితుడు జీన్ రోఘైర్ పల్నాటికి వచ్చి, అలిశెట్టి గాలేయ పాడిన వీరగాథను టేపుపై ముద్రించుకొని, దానిని ఆంగ్లమున అనువదించి, 1982లో గ్రంథముగా వెలువరించెను. ఒక గాయకుని గొంతు ఒక యంత్రమున నిలిచినందున పల్నాటి పేరు సముద్రములు దాటి పండితుల చేతులకు చేరినది. పాటకు జరిగిన ఈ మేలు ఆటకు జరుగవలదా?

ఆటవలె క్షణికమైనది మరియొకటి లేదు. చిత్రకారుడు పోయినను చిత్రము నిలుచును. కవి పోయినను పద్యము నిలుచును. ఆటగాని విద్య ఈల మ్రోగిన మరుక్షణముననే గాలిలో కలిసిపోవును. గురజాలలోనో మాచర్లలోనో ఒక ఉన్నత పాఠశాల బాలిక ముప్పది సెకన్ల కూతలో ముగ్గురిని తాకి నడిమి గీతను అందుకొనినదనుకొనుడు. చప్పట్లు కొట్టిన వారందరును చూచిరి. చూడనిది ఆ బాలిక యొక్కతెయే. తన కాలు ఎక్కడ పడినదో, నడుము ఎటు వంగినదో ఆమెకు తెలియదు. మరుసటి కూతలో పట్టుబడినపుడు వ్యాయామోపాధ్యాయుడు “అమ్మాయీ, నీ యెడమకాలు వెనుకబడినదమ్మా” అని నూరుమారులు చెప్పుట ఒక యెత్తు. ఆ యెడమకాలిని తెరమీద నిలిపి ఒక్కమారు చూపుట ఒక యెత్తు.

కంటికి అందని దానిని యంత్రము పట్టి చూపుట క్రొత్త సంగతి కాదు. పరుగెత్తు గుఱ్ఱపు నాలుగు కాళ్లును ఒక్కమారుగా నేలను వీడునా యను వివాదము పూర్వము అమెరికాలో నుండెను. 1878లో మైబ్రిడ్జ్ అను ఛాయాగ్రాహకుడు పరుగుబాట ప్రక్కన పండ్రెండు కెమెరాలను వరుసగా నిలిపి, గుఱ్ఱము ఒక్కొక్కదాని ముందునుండి పోవునపుడు ఒక్కొక్క ఛాయాచిత్రము తీసి, నాలుగు కాళ్లును గాలిలో నుండు క్షణమొకటి కలదని నిరూపించెను. నాడు పండ్రెండు కెమెరాలు చేసిన పనిని నేడు అరచేతిలో ఇమిడెడి ఒక్క క్యామ్‌కార్డర్ చేయగలదు. అది తీసిన దృశ్యమును కంప్యూటరులో నిలిపి, వెనుకకు నడిపి, ముక్కలు చేసి చూపవచ్చును. అయితే ఈ రెండు యంత్రములకును పొత్తు కుదురవలెను.

సెల్‌ఫోను ఉండగా ఇది యెందుకు?

అందరి చేతులలోను సెల్‌ఫోను ఉండగా వేరొక కెమెరా యెందుకని కొందరడుగుదురు. న్యాయమైన ప్రశ్న. రెండు నిముషముల దృశ్యమునకు మంచి ఫోను చాలును. రెండు గంటల పోటీకి మాత్రము కొన్ని చిక్కులున్నవి. ఎండలో నిలిపిన ఫోను కాగిపోయి నడుమనే ఆగిపోవచ్చును. ఫోను మ్రోగినచో దృశ్యము తెగవచ్చును. అనేక ఫోనులు వెలుతురును బట్టి సెకనుకు తీయు బొమ్మల సంఖ్యను తమంతట తామే మార్చుకొనును. దాని వలన కంప్యూటరులో కూర్చునపుడు శబ్దమొక దారిని, దృశ్యమొక దారిని పోవుట కలదు. అన్నిటికంటె పెద్ద చిక్కు వేరొకటి. ఫోను ఉపాధ్యాయుని సొంత సొత్తు. ఆయనకు బదిలీ యైన నాడు మూడేండ్ల ఆటలు ఆయన జేబులోనే ఊరు దాటిపోవును. క్యామ్‌కార్డర్ పాఠశాల ఆస్తి. అది తీసిన దృశ్యములు పాఠశాల బీరువాలో నుండును.

డబ్బు చాలని బడి ఫోనుతోనే మొదలు పెట్టుటలో తప్పు లేదు. క్రింద చెప్పబోవు నియమములలో హెచ్చుభాగము దానికిని వర్తించును.

జోడు చూచి కొనుట

కోటప్పకొండ తిరునాళ్లను, ఊరూర జరుగు ఎడ్ల బండలాగుడు పందెములను ఎరిగిన పల్నాటివారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. ఎద్దును కొనబోవు రైతు “ఇది మంచి ఎద్దేనా?” అని మాత్రమే యడుగడు, “నా ఇంట నున్న ఎద్దుకు ఇది జోడగునా?” అని యడుగును. ఒకటి కొండంతయై రెండవది దూడ యైనచో కాడి ఒరిగిపోవును, బండ కదలదు. కెమెరా కొనువారు సాధారణముగా ఈ రెండవ ప్రశ్న మరతురు. అంగడికి పోయి, అద్దపు బీరువాలో దేనికి పెద్ద అంకెలు వ్రాసియున్నవో దానిని కొనితెత్తురు. తెచ్చిన తరువాత ఆ దృశ్యము బడిలోని కంప్యూటరులో తెరచుకొనక, తెరచుకొనినను కుంటుచు నడచి, చివరకు కెమెరా పెట్టెలోనికి, పెట్టె బీరువాలోనికి చేరును.

జోడు కుదరని దాని గతి యెట్లుండునో నిన్నటి చరిత్రయే చెప్పును. కెమెరాను, రికార్డరును ఒక్కటిగా చేసిన గృహోపయోగ యంత్రమును సోనీ సంస్థ 1983లో ‘బీటామూవీ’ పేరిట మొదట అమ్మెను. 1985లో ఎనిమిది మిల్లీమీటర్ల చిన్న టేపు వచ్చెను. 1995లో డి.వి. అను డిజిటల్ టేపు వెలువడెను. దానిని ఫైర్‌వైర్ అను ప్రత్యేకమైన కేబులు ద్వారా కంప్యూటరులోనికి ఎక్కించెడివారు. గంట టేపు ఎక్కుటకు గంట కాలము పట్టెడిది. 2006లో సోనీ, పానాసోనిక్ సంస్థలు కలిసి ఎ.వి.సి.హెచ్.డి. అను పద్ధతిని ప్రకటించిన పిమ్మట, మెమరీ కార్డుల వాడుక పెరిగి టేపుల కాలము ముగియసాగెను. నేడు అంగడిలో దొరకు క్రొత్త ల్యాప్‌టాపులకు ఫైర్‌వైర్ పోర్టు ఉండదు. టేపు చెడలేదు, కెమెరా చెడలేదు. వాని నడుమ నున్న వంతెన కూలినది. అటుప్రక్క నిలిచిపోయిన ఆటలెన్నియో! పాఠశాలలలోను ఇండ్లలోను అట్టి టేపులున్నవారు, పాత యంత్రములు పని చేయుచుండగనే వానిని కంప్యూటరులోనికి ఎక్కించుకొనుట మేలు.

అందుచేత ఎన్నిక కెమెరాతో మొదలు కారాదు. మొదట బడిలోని కంప్యూటరు ముందు కూర్చుండి, దానిని నాలుగు ప్రశ్నలు వేయవలెను.

నాలుగు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: నీకు ఏ పోర్టులున్నవి? ఎస్.డి. కార్డు దూర్చు చీలిక యున్నచో సరే; లేనిచో యు.ఎస్.బి. పోర్టుకు తగిలించు చిన్న కార్డు రీడరుతో పని జరుగును. ఇక్కడ ఒక భ్రమను తొలగింపవలసి యున్నది. ల్యాప్‌టాపునకు హెచ్.డి.ఎం.ఐ. పోర్టు ఉన్నది గదా, కెమెరాకును అదే ఉన్నది గదా, రెంటిని కలిపినచో దృశ్యము లోనికి పోవునని పలువురు తలంతురు. సాధారణముగా ల్యాప్‌టాపునందలి ఆ పోర్టు దృశ్యమును బయటికి, అనగా టీవీకో ప్రొజెక్టరుకో పంపుటకే యేర్పడినది, లోనికి గైకొనదు. రెండు బావులను గొట్టముతో కలిపినంత మాత్రమున నీరు ఎక్కదు కదా!

రెండవ ప్రశ్న: ఏ భాష చదువగలవు? దృశ్యమును యథాతథముగా దాచినచో ఏ కార్డును చాలదు గనుక కెమెరా దానిని కుదించి వ్రాయును. ఆ కుదింపు పద్ధతులలో హెచ్.264 అనునది పాతది, ఇంచుమించు అన్ని కంప్యూటర్లును చదువగలిగినది. హెచ్.265 క్రొత్తది, తక్కువ చోటులో ఎక్కువ దాచును గాని, విప్పుటకు ఎక్కువ శ్రమ పడవలెను. 2015కు పూర్వపు కంప్యూటర్లలో హెచ్చుభాగమునకు ఆ పనికి ప్రత్యేకమైన ఏర్పాటు లేదు. దృశ్యము ఆగి ఆగి నడచును. పాత కంప్యూటరు గల బడి, హెచ్.264లో వ్రాయగల కెమెరానే యెంచుకొనవలెను.

మూడవ ప్రశ్న: నీ బలమెంత? ఫోర్-కె యను పెద్ద దృశ్యములో ఫుల్ హెచ్.డి. కంటె నాలుగు రెట్లు బిందువులుండును. వానిని కత్తిరించి కూర్చుటకు కంప్యూటరు నాలుగింతలు చెమటోడ్చవలెను. తరగతి గది ప్రొజెక్టరుపై చూపుటకు ఫుల్ హెచ్.డి. సమృద్ధిగా చాలును.

నాలుగవ ప్రశ్న: నీ గాదెలో చోటెంత? ఇది ఎనిమిదవ తరగతి లెక్క. ఎ.వి.సి.హెచ్.డి. పద్ధతిలో నాణ్యమైన దృశ్యము సెకనుకు 28 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక సెకనుకు 3.5 మెగాబైట్లు, గంటకు 12,600 మెగాబైట్లు, అనగా సుమారు 12.6 జి.బి. ఫోర్-కెలో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున వ్రాసినచో గంటకు 45 జి.బి. ఆరు గంటల పోటీ దినమునకు మొదటి పద్ధతిలో 76 జి.బి. చాలును, రెండవ పద్ధతిలో 270 జి.బి. కావలెను. 64 జి.బి. కార్డు మొదటి దానిలో ఐదు గంటలు నడచును. రెండవ దానిలో గంటన్నర యైనను నిండకుండగనే ముగియును. ఈ లెక్క వేయక ఫోర్-కె కొన్న బడికి రెండు పోటీలతో హార్డు డిస్కు నిండి, మూడవ పోటీనాడు మొదటి పోటీని చెరిపివేయవలసి వచ్చును.

కార్డు దారి, కేబులు దారి

ఆట కంప్యూటరును చేరుటకు రెండు దారులున్నవి. కెమెరాలోని కార్డుపై వ్రాసి, ఆట ముగిసిన పిదప కార్డును కంప్యూటరుకు అందించుట ఒకటి. ఆట జరుగుచుండగనే కేబులు ద్వారా నేరుగా కంప్యూటరులోనికి పంపుట రెండవది.

కార్డు దారి సులభము, నమ్మకమైనది. సెకనుకు 30 మెగాబైట్లు చదువు కార్డు రీడరుతో పైన చెప్పిన గంట దృశ్యము ఏడు నిముషములలో కంప్యూటరుకు చేరును. ఇందు ఒక జాగ్రత్త కలదు. 32 జి.బి. వరకు గల కార్డులు సామాన్యముగా నాలుగు జి.బి.లకు మించిన ఫైలును భరింపలేవు. కెమెరా పొడవైన ఆటను ముక్కలుగా చేసి దాచును. చేతికి దొరకిన ముక్కలను మాత్రము ఏరి తెచ్చుకొనినచో అతుకుల వద్ద దృశ్యమో శబ్దమో ఎగిరిపోవచ్చును. కార్డులోని సంచులను ఉన్నవి ఉన్నట్లుగా, మొత్తముగా కంప్యూటరులోనికి దించి, కెమెరాతో వచ్చిన ప్రోగ్రాముతో కలుపుట శ్రేయస్కరము. కార్డు కొనునపుడు దానిపై ‘వి30’ అను గుర్తు చూడవలెను. సెకనుకు కనీసము 30 మెగాబైట్లు వ్రాయగలదని దాని యర్థము.

కేబులు దారి వలన లాభమేమనగా, ఆట జరుగుచుండగనే పెద్ద తెరపై చూపవచ్చును, ఇంటర్నెట్టు ద్వారా దూరమున నున్న తల్లిదండ్రులకు పంపవచ్చును. దీనికి కెమెరాకును కంప్యూటరుకును నడుమ క్యాప్చర్ కార్డు అను చిన్న దుబాసీ కావలెను. కెమెరా నుండి వచ్చు హెచ్.డి.ఎం.ఐ. దృశ్యమును అది యు.ఎస్.బి. భాషలోనికి మార్చి యిచ్చును. ‘యు.వి.సి.’ అను సామాన్య పద్ధతిని అనుసరించు దుబాసీని కొనినచో వేరే ప్రోగ్రాములు ఎక్కింపకయే కంప్యూటరు దానిని గుర్తించును. ఓ.బి.ఎస్. స్టూడియో అను ఉచిత ప్రోగ్రాముతో దృశ్యమును దాచవచ్చును.

ఈ దారికి కెమెరాలో రెండు గుణములుండవలెను. మొదటిది, హెచ్.డి.ఎం.ఐ. ద్వారా వచ్చు దృశ్యముపై బ్యాటరీ గుర్తు, గడియారము, ఎఱ్ఱచుక్క మొదలగు రాతలు తొలగించుటకు వీలుండుట. రెండవది, గోడ కరెంటుతో నడచుచునే దృశ్యము తీయగలుగుట. కెమెరాకు యు.ఎస్.బి. పోర్టు ఉన్నంత మాత్రమున అది నేరుగా దృశ్యము పంపునని నమ్మరాదు. పాత క్యామ్‌కార్డర్లలో అది సాధారణముగా ఫైళ్లు దించుటకు మాత్రమే. కేబులు దారిన పోవువారు గూడ కెమెరాలో కార్డు పెట్టి రెండు చోట్లను వ్రాసికొనుట వివేకము. కరెంటు పోయినను కార్డు మిగులును.

వేగమునకు లెక్క

ఇక ఆట సంగతి. పెండ్లి తీయు కెమెరా వేరు, పరుగు తీయు కెమెరా వేరు. నూరు మీటర్లను పండ్రెండున్నర సెకన్లలో పరుగెత్తు బాలుడు సెకనుకు సగటున ఎనిమిది మీటర్లు పోవును. సెకనుకు 25 బొమ్మలు తీయు కెమెరాలో ఒక బొమ్మకును మరుబొమ్మకును నడుమ ఆతడు 32 సెంటీమీటర్లు జరిగిపోవును. 50 బొమ్మలు తీయు దానిలో 16 సెంటీమీటర్లు. కబడ్డీలో చేయి తగిలినదా లేదా యను సంగతి ఈ ఖాళీలలోనే మాయమగును గనుక, సెకనుకు 50 పూర్తి బొమ్మలు తీయుట ఆటల కెమెరాకు కనీస లక్షణము. పెట్టెపై ‘50పి’ అని యున్నదో ‘50ఐ’ అని యున్నదో నిదానించి చూడవలెను. ‘ఐ’ యనగా బొమ్మలోని గీతలను సగము సగముగా తీయుట. కదలని దృశ్యమునకు అది హాని చేయదు; పరుగెత్తు కాలిని కంప్యూటరు తెరపై నిలిపి చూచినచో అంచులు దువ్వెన పండ్లవలె చీలి కనబడును.

బొమ్మల సంఖ్య ఒకటి, ఒక్కొక్క బొమ్మకు షట్టరు తెరచియుండు కాలమొకటి. సెకనులో యాబదవ వంతు తెరచియున్నచో ఆ బాలుడు అంతలో 16 సెంటీమీటర్లు జరిగి, బొమ్మ అలికినట్లుండును. ఐదు వందలవ వంతు మాత్రమే తెరచినచో జరుగుట సెంటీమీటరున్నర. కాలివ్రేళ్లు సైతము స్పష్టముగా తెలియును. కనుక షట్టరును చేతితో మార్చుటకు వీలులేని కెమెరా ఆటలకు పనికిరాదు. పల్నాటి ఎండలో వెలుతురుకు కొదువ లేదు గనుక ఐదు వందలవ వంతు సులభముగా చాలును.

రాత్రి దీపముల క్రింద ఈ నియమము తలక్రిందులగును. మన దేశమున కరెంటు సెకనుకు 50 మారులు ఊగును. దాని వలన అనేక దీపములు సెకనుకు నూరు మారులు హెచ్చుతగ్గులగుచుండును. కంటికి తెలియకున్నను కెమెరాకు తెలియును. షట్టరును యాబదవ వంతునకో నూరవ వంతునకో కుదిర్చినచో ఆ మిణుకు అణగును. అమెరికాలోని బంధువులు ప్రేమతో తెచ్చి యిచ్చు కెమెరాల చిక్కు ఇక్కడనే యున్నది. అక్కడి కరెంటు 60 మారులు ఊగును గనుక అచటి కెమెరాలు 30, 60 బొమ్మల లెక్కకు కట్టుబడి యుండును. పగటి ఆటకు బాధ లేదు. రాత్రి కబడ్డీలో తెర యంతయు అలలు అలలుగా మిణుకుమిణుకుమనును. 50 లెక్కకు మార్చుకొను వీలు ఆ కెమెరాలో కలదా యని పుచ్చుకొనక ముందే విచారింపవలెను.

కెమెరా చేయలేని పని గూడ పిల్లలకు చెప్పవలసి యున్నది. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్సులో పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్ పరుగును 55.42 సెకన్లలో ముగించి, సెకనులో నూరవ వంతు తేడాతో కంచు పతకమును పోగొట్టుకొనెను. ఆ వేగమున నూరవ వంతనగా ఏడు సెంటీమీటర్లు. సెకనుకు 50 బొమ్మలు తీయు మన కెమెరాలో ఒక బొమ్మకును మరుబొమ్మకును నూరింట రెండు వంతుల ఎడముండును. అట్టి తేడాను అది నిర్ణయింపజాలదు. దానికి ఫొటోఫినిష్ యంత్రములు వేరుగ నున్నవి. బడి కెమెరా పాఠము చెప్పుటకు, జ్ఞాపకము నిలుపుటకు. తీర్పు చెప్పుటకు కాదు. ఈ సంగతి ముందుగనే చెప్పకున్నచో, న్యాయనిర్ణేతల మీదికి కెమెరా నెత్తుకొని పోవు రోజు వచ్చును. పల్నాటిలో ఒక్క పందెపు తగవు చాలును!

బరి ప్రక్కన

అంగడివారు జూమ్ అంకెను గొప్పగా చూపుదురు. అందు లెన్సు చేయు ఆప్టికల్ జూమ్ మాత్రమే లెక్కకు వచ్చునది. డిజిటల్ జూమ్ అనునది ఉన్న బొమ్మను సాగదీయుటయే. పరుగు పందెములకును, క్రికెట్టుకును దూరపు చూపు అవసరము. కబడ్డీకి వెడల్పు చూపు ముఖ్యము. పురుషుల కబడ్డీ బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. కెమెరా చూపు అరువది డిగ్రీలు ఉన్నచో, పొడవాటి అంచు యావత్తును కొంత చోటు మిగిల్చి పట్టుటకు ఇంచుమించు 14 మీటర్లు వెనుకకు జరుగవలెను. బడి ఆవరణలో అంత చోటు లేనిచో మేడమీదనో మెట్లమీదనో నిలుపుట ఉత్తమము. పైనుండి చూచినచో గీతలు, కాళ్లు రెండును తెలియును. ముక్కాలి స్టాండు లేక తీసిన దృశ్యము చూచువారికి తలతిప్పు తెచ్చును. కెమెరా ధరలో కొంత తగ్గించుకొనియైనను గట్టి స్టాండు కొనవలెను.

ఎండ సంగతి రెంటచింతల పేరు విన్న వారికి వేరుగ చెప్పనక్కరలేదు. అనేక కెమెరాల సూచన పుస్తకములలో 40 డిగ్రీల వేడిమి వరకే వాడుకొనుమని యుండును. వేసవి శిక్షణ శిబిరములలో ఆ హద్దు సులభముగా దాటును. కెమెరాకు గొడుగు పట్టుట నగుబాటు కాదు. అదనపు బ్యాటరీని నీడలో నుంచుట, ఆట లేనపుడు కెమెరాను సంచిలో దాచి దుమ్ము తగులనీయకుండుట విద్యార్థులకు అప్పగింపదగిన పనులు. కొన్ని స్టిల్ కెమెరాలు దృశ్యమును అరగంటకు ఒక్క సెకను ముందు తమంతట తామే ఆపివేయును. ఒక సగము ఆట ఇరువది నిముషములైనను, విరామములతో కలిపి ఆ హద్దు తగులవచ్చును గనుక ఆ సంగతియు ముందే అడుగవలెను.

అంగడిలో పరీక్ష

ఇన్ని మాటలును ఒక్క పరీక్షలో ఇముడును. కెమెరా కొనబోవునపుడు బడి ల్యాప్‌టాపును వెంట తీసికొని పొండు. కదలనిదైనచో, కార్డును మీరే తీసికొనిపోయి, దృశ్యమును దానిపై వ్రాయించుకొని తెచ్చుకొని, ధర చెల్లింపక ముందే బడిలో పరీక్షింపుడు. అంగడి ముందు వీధిలో పోవు సైకిలును రెండు నిముషములు తీయుడు. దానిని కంప్యూటరులోనికి దించుడు. ఆగక నడచినదా? సైకిలు ఆకులను నిలిపి చూచిన తెలియుచున్నవా? నడుమ పది సెకన్ల ముక్క కత్తిరించి దాచుటకు వీలైనదా? ప్రొజెక్టరుపై శబ్దముతో సహా వచ్చినదా? నాలుగింటికిని అవుననిపించిన కెమెరా, ధర తక్కువదైనను, మీకు జోడైన కెమెరా. ఒక్కదానికి కాదనిపించినను, అది యెంత గొప్ప కంపెనీదైనను, మీ కాడికి తగిన ఎద్దు కాదు.

దాచుకొనుట

తీసిన దానిని దాచుట తీయుట కంటె కష్టము. ఫైలుకు యంత్రము పెట్టు పేరు నెవరును గుర్తుంచుకొనజాలరు. తేదీ, ఊరు, ఆట, జట్లు వరుసగా వ్రాసి పేరు పెట్టుట నాడే జరుగవలెను. ఒక ప్రతి బడి కంప్యూటరులో, రెండవ ప్రతి విడి హార్డు డిస్కులో, వీలైనచో మూడవ ప్రతి వేరొక ఇంట నుండవలెను. ఐదారేండ్లకొకమారు ఆనాటి క్రొత్త యంత్రమునకు మార్చి వ్రాసికొనవలెను. టేపులకు పట్టిన గతి కార్డులకును పట్టదని యెవరు చెప్పగలరు? తాళపత్రములను మన పెద్దలు తిరుగవ్రాసినందుననే కావ్యములు మిగిలినవి.

పిల్లల దృశ్యములు తీయునపుడు తల్లిదండ్రుల యనుమతి తప్పక పొందవలెను. పాఠము కొరకు తీసిన దృశ్యము ఊరి వాట్సాప్ బృందములలో విహరింపరాదు. పడిన పిల్లను చూచి నవ్వుటకు కాదు, లేచిన తీరు చూచి నేర్చుకొనుటకు ఈ ప్రయత్నమంతయు.

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రముగా పల్నాడు ప్రత్యేక జిల్లా యైనది. 1990లో బీజింగు ఆసియా క్రీడలలో పతకపు ఆటగా తొలిసారి ప్రవేశించి భారతదేశమునకు స్వర్ణమును తెచ్చిన కబడ్డీ, ఈ జిల్లా పల్లెలలో చెడుగుడు పేరిట తాతలనాటి నుండి ఆడబడుచున్నది. ఆ తాతల కూతలు మనకు దక్కలేదు. మనుమల కూతలైనను దక్కవలెనన్నచో, గొప్ప కెమెరా కొరకు ఎదురుచూడనక్కరలేదు. బడిలో నున్న కంప్యూటరుకు జోడైన దానిని ఈ యేడే ఎంచుకొని, ఈ యేటి ఆటను ఈ యేడే దాచుడు. పదియేండ్ల తరువాత మరియొక బాలిక బరిలో దిగుటకు ముందు ఆ ఫైలును తెరచి, తన అక్క ఎడమకాలు ఎట్లు కదిపినదో చూచి నేర్చుకొనిన నాడు, పెట్టిన డబ్బు వడ్డీతో సహా తిరిగి వచ్చినట్లే.